నేను చంపిన మా అక్క

బతికున్న అక్కను చంపి గల్లీ అంతటితో తిట్లు తిన్న ఘనుణ్ణి నేను. కంగారుపడకండి, చంపింది కలంతోనే.

ఎనభైల్లో పొట్టకూటికి వలసపోయిన కామాఠిపురాలో, వరసగదుల చాల్‌లో నాకొక పదడుగుల గది, నాగ్‌పాడాలో బ్యాటరీల పని. మిగిలిన పొద్దంతా ఒంటరితనమే. అమ్మానాన్నలు లేరు. నన్ను చంకనేసుకుని పెంచిన నర్సమ్మక్క పాలమూరు దగ్గర పల్లెలో ఉండేది. ఒక్కసారి వచ్చిపొమ్మని నాలుగేళ్లు ఉత్తరాలు రాశాను. "పంటలైనంక వస్త" అని ప్రతిసారీ అదే జవాబు. ఆ పంటలు ఎప్పటికీ కాలేదు.

ఆ ఉక్రోషంతో ఒక కథ రాశాను. తమ్ముడి కోసం బడి మానేసిన అక్క, చివరికి జ్వరంలో తమ్ముణ్ణి కలవరిస్తూ పోతుంది. ఏడిపిస్తేనే వారపత్రికలు అచ్చువేస్తాయని నా నమ్మకం. పేరు మారిస్తే నాకే ఏడుపు రాలేదు కాబట్టి అక్క పేరూ ఊరూ అలాగే ఉంచేశాను. నా తెలివి అలాంటిది మరి.

కథ అచ్చయింది. మా చాల్‌లో తెలుగు చదవగలిగేవాళ్లు ముగ్గురే. పత్రిక వస్తే ఒకరు గదుల ముందరి గ్యాలరీలో కూర్చుని పైకి చదవాలి, మిగతావాళ్లు వినాలి. నేను పనినుంచి వచ్చేసరికి పక్క గది బాలమణత్త నా గడపలో కళ్లు తుడుచుకుంటోంది.

"అక్క పోతే ఒక్క మాట చెప్పకపోతివి గదరా."

"అది కథ అత్తా. అక్క మంచిగనే ఉంది."

"పేరు గదే, ఊరు గదే."

"పేరు నిజం. సావు అబద్ధం."

"సగం నిజం, సగం అబద్ధం ఎట్ల రాస్తరు? దుఃఖంల ఏదేదో మాట్లాడుతున్నవ్. ముందుగాల చాయ్ తాగు."

మర్నాడే ఊరికి బస్సెక్కిన బాలమణత్త తమ్ముడు, నాతో చెప్పకుండానే, పరామర్శకని అక్క ఇంటికి వెళ్లాడు. అక్క ముఖం ఎరగడు; మంచినీళ్లు ఇచ్చింది అక్కే. తాగి, "నర్సమ్మ ఎట్ల పోయిందమ్మా?" అని ఆమెనే అడిగాడట. ఆ కబురు చాల్‌కి చేరాక గల్లీ గల్లీ అంతా నన్ను తిట్టింది.

వారం తిరగకుండా నా గడపలో అక్క, చేతిలో జొన్నరొట్టెల మూట.

"నన్ను సంపినవంట గదరా."

"కోపమొచ్చిందా అక్కా?"

"అబద్ధపు సావు కబురొస్తే ఆయుష్షు పెరుగుతదంటరు. గానీ జ్వరంల నేనంతగనం పిలుస్తుంటే, కథల నువ్వెందుకు రాలేదురా?"

"నేనొస్తే నువ్వు బతుకుతవ్. కథ సస్తది."

అక్క నవ్వలేదు. రొట్టె తుంచి నా చేతిలో పెట్టింది. ఏడుస్తూనే తిన్నాను.

నాలుగు రోజులుండి వెళ్లిపోయింది. ఆ పదడుగుల గది నాకు మరీ పెద్దదైపోయింది.

ఇక ఏ కథలోనూ తోడబుట్టినదాన్ని చంపనని ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను. ఇప్పటికీ తప్పలేదు. తర్వాత రాసిన మూడు కథల్లోనూ అక్కకు ఉత్త జ్వరమే తెప్పించాను.

జ్వరానికి అక్క రాలేదు.