జడ్జి ఇచ్చిన ఆయుసు

ఆంధ్రా వేరుపడి, మా గుడియాత్తం ఇవతల మద్రాసు రాష్ట్రంలోనే నిలిచిపోయిన కొత్తలో సంగతి ఇది. వేలూరులో నేను బస్సెక్కేసరికి జనం కిక్కిరిసి నిలబడుండారు. ఒక్క సీటు మాత్రం ఖాళీ. దాని మీద మడత విప్పని కొత్త లుంగీ పెట్టి, పక్కన ఒక పెద్దామె కూచోనుండాది.

"ఎవురికమ్మా ఆ సీటు? కొత్త అల్లుడికా?" అని కండక్టరు ఎకసెక్కాలాడినాడు.

"నా కొడుక్కప్పా. కొట్లాటలో మనిషి చచ్చిపోతే, వాన్ని ఉరి తీస్తారన్నారు. జడ్జి దొర చల్లంగుండ, ఈపొద్దు ఆయుసు ఇచ్చినాడు. కోర్టు గుమాస్తానే అరవంలో చెప్పినాడు. వాడు ఎనకాలే వస్తాడు."

గుమాస్తా చెప్పింది 'ఆయుళ్ దండనై', బతికినన్నాళ్ళూ జైలు. ఆమె చెవికి అందులో మన తెలుగు ఆయుసు ఒక్కటే వినపడింది.

కండక్టరు విజిలు జేబులో పెట్టినాడు. మళ్ళీ ఆమె పక్కన వంగి, "నీ కొడుకు బతికుంటాడమ్మా. ఇంటికి మాత్రం రాడు. ఆయుసంతా జైల్లోనే" అన్నాడు మెల్లగా.

ఆమె ఏడవలేదు. పళ్ళికొండ దాటినాక లుంగీ తీసి ఒళ్ళో పెట్టుకోని, నా చెయ్యి పట్టి లాగింది.

"కూచో తల్లీ. ఎంతసేపని నిలబడతావు?"

ఇప్పుడు మనవళ్ళు కాళ్ళకు మొక్కితే "చల్లగా ఉండండి నాయనా" అంటాను. ఆయుసు అనే మాట మాత్రం నా నోటికి రాదు.