వరసలో పెట్టిన రాళ్ళు

తాండూరులో మా గల్లీ అంతటికీ ఒక్కటే నల్లా. బావి ఉంది గానీ ఆ నీళ్ళలో పప్పు ఉడకదు. కందులకు పేరుపడ్డ ఊళ్ళో పప్పు ఉడకని బావి, మా ఖర్మ! అందుకే పొద్దు పొడవకముందే మా అత్త వెళ్ళి నల్లా ముందు నాపరాయి ముక్క పెట్టి వచ్చేది. ఇంటికో రాయి, దాని మీద పసుపుతోనో బొగ్గుతోనో గుర్తు. బిందె పెడితే ఎత్తుకుపోతారు, రాయినెవరు ముట్టుకుంటారు? ఏ రాయి ముందుంటే ఆ ఇంటికే ముందు నీళ్ళు. ఆ వరసను ఎవరూ దాటేవారు కాదు.

నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తలో, 1960ల్లో ఒక ఎండాకాలం, మున్సిపాలిటీ ఫిట్టరు లాఠీలు పట్టిన ఇద్దరు జవాన్లను వెంటబెట్టుకుని వచ్చాడు. ఊరు పెరిగిందట, మోటారు కరెంటు ఖర్చు మోయలేకపోతున్నారట. వీధి నల్లాలు పీకేసి, డబ్బు కట్టినవాళ్ళకు ఇంట్లోకి పైపు ఇస్తారట. మాకు ఒళ్ళు మండింది. మా అత్త పోయి నల్లాను కావలించుకుని కూర్చుంది.

"పైసలున్నోనికే దూప అయితదా? ముందు నా నెత్తి పలగ్గొట్టు, అటెన్క పానా పెట్టు!"

ఫిట్టరు ఆమె రెక్క పట్టి ఈడ్చాడు. అంతే, పక్కింటి వదిన వరసలోంచి రాయి తీసి వాడి వీపు మీద విసిరింది. ఆమె వెనక నేను, నా వెనక గల్లీ అంతా. జవాన్ల లాఠీలు మా చేతుల మీద, వీపుల మీద పడ్డా మేము రాళ్ళు విసరడం ఆపలేదు. చెవి తెగి నెత్తురు కారుతుంటే ఫిట్టరు పానా వదిలేసి పరుగెత్తాడు, జవాన్లు వాడి వెనకే. అత్త వాచిన చేత్తోనే వదినను దగ్గరికి తీసుకుంది.

"నువ్వు నా కడుపున పుట్టిన బిడ్డవే" అంది.

నల్లా నిలిచింది. ఖర్చు తగ్గించుకోవాలని మున్సిపాలిటీ నీళ్ళు వదిలే సమయాన్ని మాత్రం సగానికి కోసేసింది. మర్నాడు చూస్తే వరసే లేదు. రాళ్ళన్నీ మురుగు మోరీలో, కప్పుల మీద పడి ఉన్నాయి. మా వరసను మేమే విసిరేసుకున్నాం. నేను ముందంటే నేను ముందని అందరూ ఎగబడ్డారు. అత్త ధార కింద బిందె పెట్టగానే వదిన దాన్ని కాలితో తన్నింది.

"రోజూ నీ రాయే మొదలుంటది. నా పోరగాండ్లు దూపకు సస్తున్నరు, జరుగత్తా!"

"జరుగ. ఏం జేస్తవో జెయ్యి!"

వదిన చేతిలోని ఇత్తడి బిందె అంచు అత్త నుదుటి మీద దిగింది. నేను వదిన కొప్పు పట్టుకుని తలను బండకేసి కొట్టాను. మేమింకా తన్నుకుంటూ ఉండగానే నీళ్ళు ఆగిపోయాయి.

ఆ పూట మాకు దక్కింది అర బిందె. అది అత్త నెత్తురు కడగడానికే అయిపోయింది. పప్పు బావినీళ్ళలో వేశాను. సాయంత్రం దాకా మంట పెట్టినా ఉడకలేదు. తలకు కట్టుతో అత్త ఆ పలుకులే నమిలింది. ఆ ఫిట్టరు మొహం ఎప్పుడో మరిచిపోయాను. వదిన మీద కోపం మాత్రం ఇప్పటికీ పోలేదు.