తన్నే తుపాకీ, చెయ్యెత్తని మనిషి

ఇసోగాయ్ తొమిఎ ఎవరినీ ఊరికే నమ్మే మనిషి కాదు. ఉద్యోగమంతా చిబాలో ఓ రైల్వే స్టేషన్ గేటు దగ్గరే గడిచింది. టికెట్ లేకుండా దూరేవాణ్ణి ఆమె మొహం చూసి కాదు, నడక చూసి పట్టేసేది. రిటైరయ్యాక ఇంట్లో గోళ్లు గిల్లుకుంటూ కూర్చోలేక, ఇన్జాయ్ అడవిలో నుమాజిరి నడిపే ఎయిర్‌సాఫ్ట్ మైదానంలో అంపైరుగా చేరింది. అక్కడికి వచ్చేవాళ్లంతా ఆమెను 'టికెట్టత్త' అనేవారు. ఎదురుగా కాదు.

ఆ ఆటకు ఆమెలాంటి కళ్లే కావాలి. నిజం తుపాకీలా కనిపించే బ్యాటరీ తుపాకీలోంచి వచ్చేది చిన్న ప్లాస్టిక్ పూస. అది తగిలిందో లేదో తగిలినవాడికి తప్ప మరొకరికి తెలియదు. తగిలితే తనంతట తానే "హిట్" అని అరిచి, చెయ్యెత్తి బయటికి నడవాలి. తగిలినా కిమ్మనకుండా ఆడేవాణ్ణి 'జాంబీ' అంటారు. అంతకంటే పెద్ద తిట్టు ఆ అడవిలో లేదు.

చలికాలం మొదట్లో మితామురా అనే పెద్దాయన రావడం మొదలుపెట్టాడు. ఒంటరిగా వచ్చేవాడు. మందపాటి దూది కోటు, నోట్లోంచి మాట రాదు. చేతిలో మాత్రం వింత తుపాకీ. మిగతావాళ్లవి కుట్టుమిషన్లలా గిర్రుమంటే, ఇది ధన్ ధన్‌మని తన్నేది. ఒక్కో పూస వెళ్లినప్పుడల్లా లోపలి ఇనప దిమ్మ వెనక్కి వచ్చి భుజాన్ని గుద్దేది, పక్కనున్న గడియలాంటి బోల్టు కూడా అసలు తుపాకీలాగే ముందుకూ వెనక్కూ కదిలేది.

"ఆ తన్నుడుకి గురి చెదురుతుంది, బ్యాటరీ తొందరగా అయిపోతుంది. గెలవాలనుకునేవాడు ఎవడైనా దాన్ని కొంటాడా?" అన్నాడు కబసావా. ఆ మైదానంలో పాత కాపు అతను, మాటకారి. "ఆ ముసలాయన జాంబీ. నిన్న నేనే కొట్టాను. కదల్లేదు. కాస్త కన్నేసి ఉంచండి, ఇసోగాయ్‌గారూ."

చెప్పకపోయినా ఆమె కన్నేసేదే. మధ్యాహ్నం ఆటలో వెదురు పొద పక్కన నిలబడి చూసింది. మితామురా చెట్టు చాటునుంచి వరసగా కాలుస్తున్నాడు. పక్కనుంచి వచ్చిన పూస ఒకటి అతని వీపుకు తగిలి ఎగిరిపడడం ఆమె కళ్లారా చూసింది. అతను చెయ్యెత్తలేదు.

"మితామురాగారూ! తగిలింది!"

అతను ఉలిక్కిపడ్డాడు. "తగిలిందా? అయ్యో, క్షమించండి." అని వంగి దండం పెట్టి, చెయ్యెత్తుకుని వెళ్లిపోయాడు. ఒక్క మాట ఎదురు చెప్పలేదు.

అక్కడే తొమిఎకు అనుమానం బిగిసింది. స్టేషన్లో ఎప్పుడో ఒకసారి దొరికినవాడు కస్సుమని లేస్తాడు. రోజూ ఎగ్గొట్టేవాడే చప్పున వంగి క్షమాపణ చెబుతాడు.

కానీ తర్వాతి ఆటలో ఇంకో వింత జరిగింది. మితామురా దరిదాపుల్లో ఎవరూ లేరు. పూస ఏదీ అటు రాలేదు. కాలుస్తూ కాలుస్తూ అతను టక్కున ఆగి, "హిట్!" అని అరిచి బయటికి నడిచాడు. దొంగ దొరలా కనిపించడానికి వేసే ఎత్తనుకుంది ఆమె. అయినా మనసు ఒప్పుకోలేదు. ఎవరూ చూడనప్పుడు నటన ఎందుకు? తను చూస్తున్నట్టు అతనికి తెలుసా?

భోజనాల వేళ అతని బల్ల దగ్గరికే వెళ్లింది. అతను అన్నంలో కూర కలుపుకుంటున్నాడు.

"ఎవరూ కొట్టకుండానే ఎందుకు వెళ్లిపోయారు?"

మితామురా చెంచా కింద పెట్టాడు. "నాకు తెలియదమ్మా. తుపాకీ తన్నిందో, పూస తగిలిందో తెలియడం లేదు. అనుమానమొస్తే వెళ్లిపోతున్నాను."

"మరి తన్నని తుపాకీ కొనుక్కోవచ్చుగా?"

"రేకుల కార్ఖానాలో రేకుల్ని ఒత్తే పెద్ద ప్రెస్సు మీద పనిచేశాను. అది దిగినప్పుడల్లా ఒళ్లంతా అదిరేది. మానేశాక చేతులు మూగబోయినట్టున్నాయి. మిగతా తుపాకులు గిర్రుమని ఊరుకుంటాయి. ఇదొక్కటే నాకు తిరిగి జవాబు చెబుతుంది."

కథ బాగానే ఉంది. బాగున్న కథలు గేటు దగ్గర ఆమె చాలానే వింది. "మీ కోటూ తుపాకీ ఓసారి ఇవ్వండి," అంది.

అందరూ మూగారు. తొమిఎ కోటు తొడుక్కుని, కళ్లకు అద్దాలు పెట్టుకుని, తుపాకీ భుజానికి ఆనించింది. నుమాజిరి తన తుపాకీతో వెనక నిలబడ్డాడు. తగిలినప్పుడల్లా చెప్పాలని పందెం. ఆమె మీట నొక్కింది. దిమ్మ ఆమె ఎముకల్ని కుదిపేసింది.

"తగిలింది!"

"నేనింకా మొదలే పెట్టలేదండీ," అన్నాడు నుమాజిరి.

జనం గొల్లుమన్నారు. ఆమె పళ్లు బిగబట్టి మళ్లీ కాల్చింది. కాసేపయ్యాక విసుగొచ్చింది. "ఎంతసేపయ్యా? కొట్టవేం?"

"కొట్టడం అయిపోయింది. మీ వీపు మీద పూసల వాన కురిపించాను."

కబసావా తప్ప అందరూ నవ్వారు. తొమిఎ నవ్వలేదు. కోటు విప్పి మితామురాకిచ్చింది. "ఇది మానేయండి. చలైనా సరే, పల్చటి చొక్కాతో ఆడండి," అంది. అతను తలూపాడు. మరుసటి ఆదివారం వణుకుతూనే పల్చటి చొక్కాలో వచ్చాడు. ఈసారి తగిలినవి చాలావరకు తెలిశాయి. సాయంత్రానికి వీపు నిండా ఎర్రటి మచ్చలు. వాటిని చూపించి చిన్నపిల్లాడిలా మురిసిపోయాడు.

అంతటితో అయిపోతే బాగుండేది. నెల తిరక్కుండానే కబసావా కూడా ఓ తన్నే తుపాకీ కొన్నాడు. అతన్ని చూసి అతని స్నేహితులూ కొన్నారు. అడవంతా ధన్ ధన్. ఎవరిని ఆపినా ఒకటే పాట: "తెలియలేదండీ, తుపాకీ తన్నింది కదా!" నిజం తేల్చబోయి దొంగలకు సాకు అందించానని తొమిఎకు అర్థమైంది.

ఓ ఆదివారం కబసావా మెడకు పూస తగిలింది. అతను తడుముకుని కూడా కదల్లేదు. ఆమె పొదలోంచి బయటికొచ్చింది.

"కబసావాగారూ, బయటికి."

"తెలియలేదండీ. మీరే కదా అందరి ముందూ రుజువు చేశారు?"

"తుపాకీ తన్నితే చప్పుడవుతుంది. మీది మోగలేదు. మీరు కాల్చడమే లేదు."

అతని మొహం కందగడ్డలా ఎర్రబడింది. చుట్టూ చూశాడు. పక్క చెట్టు చాటున ఉన్నవాళ్లు తలలు తిప్పుకున్నారు. చెయ్యెత్తి, కాళ్లు ఈడ్చుకుంటూ వెళ్లిపోయాడు.

ఆ మరుసటి వారం నుంచి నుమాజిరి కొత్త నియమం పెట్టాడు: తన్నే తుపాకీ పట్టినవాడు, అంపైరు పిలిస్తే మారుమాట లేకుండా వెళ్లాలి. కొందరు గొణిగారు. కబసావా కొన్నాళ్లు రాలేదు, తర్వాత పాత గిర్రు తుపాకీతో వచ్చి, ఆమెకు ఎడంగా నిలబడి దండం పెట్టాడు.

మితామురాతో తొమిఎ ఇప్పుడు అప్పుడప్పుడూ ఒకే బల్ల దగ్గర భోంచేస్తుంది. ఆట మొదలైతే మాత్రం అతని వెనకే, వెదురు పొద పక్కన నిలబడుతుంది. ఓరోజు అతనే అడిగేశాడు.

"ఇంకా నమ్మకం కుదరలేదా, ఇసోగాయ్‌గారూ?"

"మీ మీద కుదిరింది," అంది ఆమె, కళ్లు అతని వీపు మీదినుంచి తిప్పకుండానే. "ఆ తుపాకీ మీదే ఇంకా లేదు."