నూట పన్నెండో బూత్ ఏజెంటు

ఓటరు చెప్పుల చప్పుడు విని ఏ గుర్తుకు నొక్కబోతాడో చెప్పగలిగిన మొనగాడు బాపట్ల పార్లమెంటు సీటు మొత్తంలో ఒక్కడే, మన ఖాదర్ వలి. నమ్మనివాళ్ళు పర్చూరు పక్కనున్న మా ఊరొచ్చి, మందు కొట్టే స్ప్రేయర్లు బాగుచేసే అతని కొట్టు ముందు నాలుగడుగులు నడిచి చూసుకోవచ్చు.

తొంభై ఆరు నుంచి ఎనిమిది పార్లమెంటు ఎన్నికల్లో ఒకే పార్టీకి, ఒకే బూత్‌లో, ఒకే మూల కూర్చున్న ఏజెంటు అతను. కాగితం మీద ముద్ర గుద్దిన రోజులు చూశాడు, మిషన్లు వచ్చిన రోజు చూశాడు, నియోజకవర్గం గీతలు మార్చి సీటును రిజర్వు చేసిన ఏడాదీ చూశాడు. ఏ ఏట బూత్‌లో ఎవరికెన్ని పడ్డాయో స్ప్రేయరు విప్పుతూ అప్పజెప్పేవాడు.

ఆ లెక్కలో తిరుగులేని ఓటు ఒకటుంది. కొట్టుకు ఎదురింటి సుబ్బరావమ్మది. ప్రతి ఎన్నికలో గ్లాసు మజ్జిగ అతని చేతికిచ్చి మరీ చెప్పేది:

"తాగరా ఖాదరూ. ఓటు మాత్రం నీ గుర్తుకెయ్యను. మీ బాబాయి ఉన్నప్పుడే వెయ్యలా, ఇప్పుడేస్తానా?"

"వెయ్యకులే పిన్నీ. ఇంకాస్త ఉప్పెయ్యి."

పందొమ్మిదిలో ఆ బూత్ మూడే మూడు ఓట్లతో పోయింది. "ఎదురింటి ముసలమ్మను తిప్పుకోలేనివాడివి నువ్వేం ఏజెంటువయ్యా?" అని మండల నాయకుడు పదిమందిలో అన్నాడు. ఆ మాట మిరపఘాటులా గొంతులో పట్టుకుంది.

తర్వాతి ఎన్నికలకు ముందు, ఓటర్ల జాబితా సవరించే ఉద్యోగి ఇల్లిల్లూ తిరుగుతూ ఖాదర్ వలి కొట్టు దగ్గర ఆగాడు. సుబ్బరావమ్మ అప్పుడు ఊళ్ళో లేదు. మిరపకాయల తొడాలు తీయడానికి గుంటూరు కోల్డు స్టోరేజీకి వెళ్ళింది. ఏటా రెండు నెలలు వెళ్తుంది, వస్తుంది.

"ఈ ఎదురింటావిడ?"

"గుంటూరు వెళ్ళిపోయిందండీ. ఇక రాదు."

ఆమె పేరు తీసేయమనే అభ్యంతరం ఫారం మీద సంతకం పెట్టాడు. వారంలో వచ్చి జవాబు చెప్పకపోతే పేరు తీసేస్తామని తాళం వేసిన తలుపుకు నోటీసు అంటించారు. గాలికి అది రెపరెపలాడుతుంటే వారం రోజులు కొట్లోంచి చూస్తూనే ఉన్నాడు. ఫోనులో ఆమె నంబరుంది. చేయలేదు.

పోలింగు రోజు సుబ్బరావమ్మ ఉతికిన చీర కట్టుకుని, వేలు ముందే చాపి వచ్చింది. ఆఫీసరు జాబితా రెండుసార్లు తిరగేసి పేరు లేదన్నాడు. ఆమె మూలకు తిరిగింది.

"ఒరేయ్ ఖాదరూ, నేనెవర్నో నువ్వు చెప్పరా ఆయనకి!"

ఖాదర్ వలి జాబితాలోంచి తలెత్తలేదు. "ఇందులో లేదు పిన్నీ."

పోలింగు ముగిసేదాకా ఆమె బడి అరుగు మీదే కూర్చుంది, ఎవరైనా పిలుస్తారేమోనని. ఎవరూ పిలవలేదు.

ఆ బూత్‌లో అతని గుర్తుకు నలభై ఒక్క ఓట్ల ఆధిక్యం వచ్చింది. ఆమె ఒక్క ఓటు ఎటు పడినా ఒరిగేదేమీ లేదు. అప్పటి నుంచి ఖాదర్ వలి లెక్కలు అప్పజెప్పడం మానేశాడు. మజ్జిగ మాత్రం వస్తూనే ఉంది.

మొన్న అతనే కొత్త ఓటు ఫారం తెచ్చి, నింపి, సంతకం కోసం ఆమె గుమ్మంలో కూర్చున్నాడు. టీకొట్టు జయరావు అటుగా వచ్చి ఆగాడు. కోతలు కోయడంలో జయరావును మించినవాడు జిల్లాలో లేడు.

"పిన్నీ, నీకు తెలీదుగానీ, ఆ రోజు నీ పేరు కోసం వీడు ఆఫీసరు కాళ్ళు పట్టుకున్నాడు. కలెక్టరుకే ఫోన్ కొట్టాడు!"

సుబ్బరావమ్మ కళ్ళు తడయ్యాయి. "నాకు తెలుసురా. వీడు నా కడుపున పుట్టాల్సినోడు."

ఖాదర్ వలి పెన్ను కింద పెట్టాడు.

"నేనెవరికీ ఫోన్ కొట్టలేదు పిన్నీ. నీ పేరు తీయించింది నేనే. మాకు వెయ్యవని తీయించా."