హాస్టల్ ఆంటీ వేయించిన అంగుళం పైపు

మా హాస్టల్ ఆంటీ పోయారు. పోయిన వారం, ఆఫీసులో పొద్దుటి మీటింగ్ నడుస్తుండగా వాళ్లమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. తెల్లారే లేచి, పాల ప్యాకెట్లు లోపల పెట్టి, కుర్చీలో కూర్చున్నారట. అంతే, గుండె ఆగిపోయిందట. నేను "సరే" అన్నాను. మళ్లీ మీటింగ్‌లో చేరి, నా వంతు రాగానే నిన్న ఏం చేశానో, ఇవాళ ఏం చేస్తానో గడగడా చెప్పేశాను. ఒక మనిషి పోయారని చెబితే "సరే" ఏమిటి, నా మొహం. కానీ నోట్లోంచి వచ్చింది అదే.

కాకినాడ నుంచి ఉద్యోగానికి వచ్చిన కొత్తలో కొండాపూర్‌లో ఆవిడ లేడీస్ హాస్టల్లో చేరాను. పెళ్లై బాచుపల్లి వెళ్లేదాకా అక్కడే ఉన్నాను. ఆవిడది ఆ ఊరే. కొండాపూర్ పొలాలుగా ఉన్నప్పటి నుంచీ చూసిన మనిషి. భర్త పోయాక, ఉన్న కాస్త జాగాలో మూడంతస్తులు లేపి ఆడపిల్లలకు హాస్టల్ పెట్టారు. అదే ఆవిడకి బతుకుతెరువు. ఎవరు వచ్చారో ఎవరు రాలేదో గుమ్మం దగ్గర చెప్పులు చూసి చెప్పేసేవారు. నా చెప్పులు ఎప్పుడూ తిరగబడి ఉంటాయని తిట్టేవారు, తిడుతూనే సరిచేసేవారు. నేను ఆఫీసు గొడవలు చెప్పుకుని ఏడిస్తే, "ఫికర్ చేస్తే నీళ్లు కాగుతయా బిడ్డా, పోయి తిను ముందు" అనేవారు. అలా అన్నాక తినకుండా ఉండటం నా వల్ల అయ్యేది కాదు.

ఆవిడ గురించి తలుచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది ఆ బాయిలర్ గొడవే. హాస్టల్ వెనక సిలిండర్ల వరుస ఉండేది. అక్కడి నుంచి ఒకటే పైపు. అదే వంటగది పొయ్యిలకీ, అదే నీళ్లు కాచే గ్యాస్ బాయిలర్‌కీ. పాత బాయిలర్ తుప్పు పట్టి కారడం మొదలుపెడితే, హాస్టల్లో పిల్లలు ఎక్కువయ్యారు కదా అని దానికి రెట్టింపు పెద్దది తెప్పించారు. బిగించినతను పాత అరంగుళం పైపుకే తగిలించి వెళ్లిపోయాడు. మర్నాడు పొద్దున పైన ఎవరో వేడినీళ్ల కొళాయి తిప్పారు. బాయిలర్ భగ్గుమని అంటుకుంది. ఆ సన్న పైపులో గ్యాసంతా అదే లాగేసుకుని, కింద ఇడ్లీ పొయ్యి మంట సన్నగా అయిపోయింది.

"ఏందే గిట్లయితుంది? కొత్తది తెస్తే పొయ్యి ఉపాసముంటుందా?" అన్నారు ఆంటీ, నడుం మీద చెయ్యి పెట్టుకుని.

పిలిస్తే అతను మళ్లీ వచ్చాడు. "రెగ్యులేటర్ జర పెంచుత అక్కా, అయిపోతది" అన్నాడు. గ్యాస్‌తో ఆటలొద్దని ఆవిడ ఒప్పుకోలేదు. అతన్ని పంపించేసి తనే ఒక ఏర్పాటు చేశారు. వంటగది గుమ్మంలో నిలబడి స్టీలు పళ్లెం మీద గరిటెతో కొట్టేవారు. మోగితే పైన కొళాయిలు కట్టేయాలి, పొయ్యిల వంతు. మళ్లీ మోగితే స్నానాల వంతు. తలంతా షాంపూ నురగతో మేం కిటికీలోంచి "ఆంటీ, ఇంకెంతసేపండీ" అని గోల పెడితే, కింద నుంచి "అన్నం ఉడకనీయే తల్లీ" అని జవాబు. ప్రపంచంలో ఇంకే హాస్టల్లోనైనా ఇలా పళ్లెం మోతకి స్నానాలు చేస్తారా అని నవ్వుకునేవాళ్లం, తిట్టుకునేవాళ్లం కూడా.

ఒక పొద్దున నైట్ షిఫ్ట్ నుంచి వచ్చిన అమ్మాయి పళ్లెం సంగతి మర్చిపోయి కొళాయి తిప్పింది. కింద సన్న సెగ మీద పాలున్నాయి. ఆ మంట ఆరిపోయింది. కాసేపటికి బాయిలర్ ఆగింది, ఆరిన బర్నర్‌లోంచి గ్యాస్ మాత్రం వస్తూనే ఉంది. వాసనకి ఆంటీ పరుగెత్తుకొచ్చి, వాల్వు కట్టేసి, కిటికీలన్నీ తెరిచి, నేల మీద కూలబడ్డారు. నేను మంచినీళ్లు ఇస్తే గ్లాసు పక్కన పెట్టేశారు.

"ఇంతమంది ఆడపిల్లలను నన్ను నమ్మి పంపిండ్రు బిడ్డా" అన్నారు.

ఆ రోజే బాయిలర్ అమ్మిన కంపెనీ ఇంజనీరుకి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాం. పైపు ఎంత దూరం పోతోంది, అన్నీ కలిసి మండితే ఎంత గ్యాస్ కావాలి, దారిలో మలుపులెన్ని అని అడిగాడు ఆయన. ప్రతి మలుపునీ ఇంకొంత పొడవుగా లెక్క వేసుకోవాలట. ఆంటీ జాకెట్లు కొలిచే టేపు తెచ్చారు. ఒక కొస నేను, ఒక కొస ఆవిడ పట్టుకుని గోడల వెంట పాకాం. లెక్క చూసి, సిలిండర్ల దగ్గర నుంచి బాయిలర్ దాకా అంగుళం పైపు వేయాలన్నాడు ఇంజనీరు. ఆ తర్వాత "మలుపు గూడ దూరమేనట" అనేది ఆవిడ ఊతపదం అయిపోయింది. ఉద్యోగం మారాలా వద్దా అని నేను నాన్చుతుంటే కూడా అదే అన్నారు.

పైపు మార్చాలంటే గోడలు పగలగొట్టాలి. అది డిసెంబరు. పని అయ్యేదాకా బాయిలర్ ముట్టుకునేది లేదని ఆంటీ తేల్చేశారు. పక్క సందులో కొత్త హాస్టల్, రోజంతా వేడినీళ్లని బోర్డు. కొందరు సామాను సర్దుకున్నారు. గదులు ఖాళీ అయితే ఆవిడ గతేమిటో మా అందరికీ తెలుసు. ఆవిడ మెట్ల కింద నిలబడి, వెళ్లేవాళ్ల సూట్‌కేసులు ఆటోలో పెట్టించారు. "పోయేటోళ్లు పోండ్రి, తప్పు లేదు. మీరు బతికుంటే నాకు గదే సాలు" అన్నారు. కోపంగా అనలేదు, జాగ్రత్తలు చెప్పినట్టే అన్నారు. మిగిలినవాళ్లం చన్నీళ్లు పోసుకుని వణుకుతూ ఆఫీసులకి పోయాం. నాకు జలుబు చేస్తే మిరియాల కషాయం ఇచ్చి, తాగేదాకా ఎదురుగా కూర్చున్నారు.

పైపు వేశాక ప్రతి అతుకు మీదా సబ్బు నురగ రాసి, ఎక్కడైనా బుడగ వస్తుందేమోనని తనే కళ్లజోడు పెట్టుకుని చూశారు. ఖాళీ గదులు నిండటానికి మళ్లీ వేసవి దాకా పట్టింది.

ఆంటీ పోయిన రోజు నేను వెళ్లేసరికి అంతా అయిపోవచ్చింది. ముఖం చూశాను. ఏడుపు రాలేదు. ఎవరో చెయ్యి పట్టుకుంటే పట్టుకోనిచ్చాను. సాయంత్రం శ్మశానం నుంచి అందరూ తిరిగొచ్చారు. చుట్టాలు, వీధివాళ్లు, పాత హాస్టల్ పిల్లలు. స్నానాలు చేసి గాని ఎవరూ ఏమీ ముట్టుకోరు. మూడంతస్తుల్లోనూ కొళాయిలన్నీ ఒక్కసారే తిప్పారు. ఆవిడ ఇంటి భాగంలో పొయ్యి ముట్టించలేదు. హాస్టల్ పిల్లలకి తిండి పెట్టాలి కాబట్టి కింద వంటగదిలో మాత్రం వంటామె పొయ్యిలన్నీ వెలిగించింది. నేను టీ కాగుతున్న పొయ్యి దగ్గర నిలబడ్డాను.

బాయిలర్ భగ్గుమన్న చప్పుడు వినిపించింది. నేను వంగి మంట వైపు చూస్తూ ఉండిపోయాను. అది ఒక్కసారి తగ్గితే బాగుండుననిపించింది. తగ్గితే, ఆంటీ ఒకసారి ఇటు రండి అని పిలవచ్చు. పైన నీళ్లు పడుతూనే ఉన్నాయి. మంట నీలంగా, నిటారుగా మండుతూనే ఉంది.