బెజ్జం లేని సొరుగు

నాచారం పారిశ్రామికవాడలో నాది నట్లూ బోల్టుల దుకాణం. పక్క షెడ్డు కొమురెల్లిది. జనగామ వైపు నుంచి వచ్చి ట్రాలీ బళ్లకు ఇనుప పని చేసేవాడు. ఇరవై ఏళ్ల ఇరుగుపొరుగులో నా దగ్గర డజను బోల్టులు కొన్న పాపాన పోలేదు. బండికి బెజ్జం వేస్తే అక్కడి నుంచే తుప్పు మొదలవుతుందట. ఏ పనైనా సరే, అంచును కరిచిపట్టే బిగింపులు, రబ్బరు ముక్కలు, కొక్కేలతోనే కానిచ్చేవాడు.

"నేను పట్టిచ్చినంక కదిలిందంటే నా షెడ్డుకు తాళమెయ్యి గిరన్నా" అనేవాడు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. కానీ అతను బిగించింది కదలగా నేను చూడలేదు, ఆ ఒక్కటి తప్ప.

2011 మే నెలలో పరంధామయ్య గారు కొత్త పికప్ బండి తెచ్చారు. మా గుంటూరు వైపు మనిషే. రామంతాపూర్‌లో శవాలను ఉంచే ఫ్రీజర్ పెట్టెలు అద్దెకిస్తారు. పెట్టె ఎక్కించాలన్నా దించాలన్నా ప్రతిసారీ నలుగురు కావలసి వస్తోంది. సొరుగులా లాగితే బయటికి రావాలి, తోస్తే లోపలికి పోవాలి, అదీ ఆయన కోరిక.

"ఒక్క బెజ్జం కూడా పడకూడదు కొమురెల్లీ. పాడెకు మేకులు కొడతామా? తాళ్లతో కడతాం. ఇదీ పాడే కదా" అన్నారు.

"గట్లయితే అది నా పనే సార్" అన్నాడు కొమురెల్లి.

నాలుగు రోజులు పట్టింది. ఇనుప చట్రాన్ని బండి అంచులకు రబ్బరు వేసి కరిపించాడు. తాళ్లు కట్టుకోవడానికి బండికే ఉన్న నాలుగు కొక్కేల నుంచి, మర తిప్పితే బిగిసే కడ్డీలతో లాగిపట్టాడు. చట్రంలో బేరింగుల మీద నడిచే పలక. అది జారకుండా, చేత్తో పైకి లాగితే తప్ప లేవని పిన్ను.

భార్య సారలమ్మ రోజూ మధ్యాహ్నం అన్నం తెచ్చేది. అప్పటికే ఆమెకు కిడ్నీలు చెడిపోయాయి. వారానికి రెండుసార్లు దవాఖానాలో రక్తం శుద్ధి చేయించుకోవాలి. పిల్లలు లేరు. ఒకరికొకరు, అంతే. "ఇంకో పదేండ్లు ఈమెను ఆపుకుంటే చాలన్నా, నాకు ఇంకేం వద్దు" అని నాతో ఎన్నిసార్లు అన్నాడో లెక్కలేదు.

ఆ రోజు సిమెంటు బస్తాలు వేసి సొరుగును పరీక్షిస్తున్నాడు. సారలమ్మ చూస్తూ నిలబడింది.

"బస్తాకు కుదుపు ఎర్కయితదా? మనిషికి ఎర్కయితది. జర నన్ను తొయ్యి" అంది.

"ఏం మాటలవి? వద్దు" అన్నాడు.

ఆమె వింటేగా. బస్తాలు దించగానే ఎక్కి పలక మీద వెల్లకిలా పడుకుంది, ఒకటే నవ్వు. సరే అని అతను తోశాడు. పలక చప్పుడు లేకుండా లోపలికి పోయింది. పిన్ను టక్కున పడింది. లాగబోతే లేవలేదు. రెండోసారీ లేవలేదు. మూడోసారి రెండు చేతులా పెరికితే వచ్చింది. బయటికి వచ్చిన సారలమ్మ నవ్వడం లేదు.

"సల్లగున్నది" అంది.

అప్పటికి ఫ్రీజర్ పెట్టె ఇంకా ఎక్కించనే లేదు. ఎండకు ఇనుము చెయ్యి కాలేలా ఉంది. బతికున్న మనిషిని పాడె మీద పడుకోబెట్టానని కొమురెల్లి ఆ పూట అన్నం ముట్టలేదు.

బండి తిరగడం మొదలైన నెలలోనే మూడుసార్లు సొరుగు దానంతటదే బయటికి వచ్చింది. మూడుసార్లూ ఒకే చోట. శవంతో ఉప్పల్ శ్మశానానికి వెళ్లే దారిలో, మూతబడ్డ మిల్లు గోడ పక్కన ఎత్తు ఎక్కుతుండగా. వెనక తలుపు తెరుచుకుని ఉంది, పిన్ను పైకి లేచి ఉంది, పెట్టె మూరెడు బయటికి వచ్చి ఉంది. పరంధామయ్య గారు స్వయంగా బండి నడిపే మనిషి, ముచ్చెమటలు పోసి వచ్చారు.

"బెజ్జం వేసి బోల్టు కొట్టెయ్యి, పాపం నాది" అన్నారు. నేను బోల్టు కూడా ఏరి పెట్టాను. కొమురెల్లి ఒప్పుకోలేదు. ఎత్తు వల్ల జారుతోందన్నాడు. అంతే బరువు బస్తాలు పెట్టెలో వేసి, తనే వెనక కూర్చుని అదే ఎత్తు ఐదుసార్లు ఎక్కించాడు. వెంట్రుకవాసి కదల్లేదు.

గోడ పక్కన టీ డబ్బా నడిపే ముసలామె శాంతాబాయి ఇదంతా చూస్తూనే ఉంది.

"గిది దింపుడు కల్లం జాగ, కొడుకా. ఫ్యాక్టరీలు రాకముందు పాడెను గీడనే దించేటోళ్లు. పానం తిరిగొస్తదేమోనని చెవుల మూడుసార్లు పేరు పెట్టి పిలిచేటోళ్లు. ఇప్పుడు ఆపకుండ ఉరికిస్తున్రు. గందుకే పోయినోళ్లే దిగుతున్రు, గంతే" అంది.

ఆ తర్వాత పరంధామయ్య గారు అక్కడ బండి ఆపసాగారు. అయినవాళ్లు దిగి, పెట్టె లాగి, మూడుసార్లు పిలిచేవారు. సొరుగు ఇక తనంతట తానుగా బయటికి రాలేదు.

ఈ సంగతి విని సారలమ్మ అందట: "నన్ను సుత ఆడ దించు. పేరు పెట్టి పిలువు. పెండ్లయిన కాడినుంచి ఇగో, ఇగో అనుడే గాని ఒక్కనాడన్న పేరు పెట్టి పిలిసినవా?"

పదేళ్లు ఆపుకుంటే చాలన్నవాడు రెండేళ్లే ఆపగలిగాడు. 2013 వానాకాలంలో, ఒక మధ్యాహ్నం, ఆ బండిలోనే ఆమెను తీసుకువెళ్లాం. గోడ దగ్గర ఆపారు. కొమురెల్లి సొరుగు లాగి, అద్దం మూత తీశాడు. వంగి "ఇగో" అన్నాడు.

"పేరు పెట్టి పిలవయ్యా" అన్నాను.

"సారలమ్మా" అన్నాడు. మూడుసార్లు. ఆమె పలకలేదు. మూత వేసి తోయబోతే సొరుగు కదల్లేదు.

"బేరింగు పట్టేసింది గిరన్నా" అన్నాడు.

బేరింగు కాదు. అతని ఎడమ చెయ్యి చట్రాన్ని పట్టుకుని వెనక్కి లాగుతోంది. అది అతనికి తెలియడం లేదు. నాకు ఏడుపొచ్చింది. ఒక్కొక్క వేలూ విడదీసి, ఆ చేతులు రెండూ నా చేతుల్లోకి తీసుకున్నాను.

పరంధామయ్య గారు తోశారు. అయినా కదల్లేదు. భుజం పెట్టి తోశారు. లాభం లేదు. ఆయన భయపడి నాలుగడుగులు దూరం జరిగారు.

కొమురెల్లి నా చేతులు విడిపించుకోకుండానే పెట్టె వైపు వంగాడు. "నాకేం కాదు, పైలంగుంట. నువ్వు పో" అన్నాడు.

ఎవరి చెయ్యీ పడకుండా సొరుగు లోపలికి పోయింది. పిన్ను టక్కున పడింది.

నేను ఇనుము అమ్ముకునేవాణ్ణి, ఇలాంటివి నమ్మను. మర్నాడు ఒక్కణ్ణే వెళ్లి, బండి ఆగిన చోట చెంబుడు నీళ్లు పోశాను. నీళ్లు ఉప్పల్ వైపు పోలేదు, మేము వచ్చిన నాచారం వైపే పారాయి. అంటే లోపలికి, ఉప్పల్ వైపు పోయిన ఆ సొరుగు పల్లానికి జారలేదు, ఎత్తు ఎక్కింది.

ఆ మాటే కొమురెల్లితో చెప్పాను. ఇనుముకు ఆకురాయి పెడుతున్నవాడు తల ఎత్తలేదు.

"పెండ్లయి ఇరవై ఆరేండ్లు, ఏం చెప్పినా ఇనలేదన్నా. గా ఒక్క మాట ఇన్నది" అన్నాడు.