డెనిస్ వంతు

పాతకార్ల పందేలున్న ప్రతి శనివారం గ్రెగరీ ఆస్క్యూ ఇంజన్లో నూనెగా పోసి కాలిన ఆముదం వాసనతో టీ బండి దగ్గరికొచ్చి అదే లెక్క చెబుతాడు. "పావుగంట పందెంలో చేరడానికి నాలుగొందల పౌండ్ల రుసుం తగలేస్తారా? నలభై నిమిషాలది ఆరొందలే! ఒకే కారు ఇద్దరం చెరిసగం తోలి, డబ్బూ చెరిసగం వేసుకుంటే ఎంత చవకో!" టీ అమ్మే హేజెల్ "చవగ్గా చావండి మరి!" అని ఆటపట్టించేది. చలికాలంలో రెండో సగం తోలే అతని జోడీ డెనిస్ గుండె ఆగి పోయాక ఆ మాట మానేసింది. గ్రెగరీ మాత్రం లెక్కా మానలేదు, పద్ధతీ మానలేదు. సగం పందెంలో, డ్రైవర్లు మారేచోట కారాపి దిగుతాడు. పొట్టివాడైన డెనిస్ కోసం సీటుకి దిండు ఆనిస్తాడు, బెల్టులు సర్దుతాడు, భుజం ఉండాల్సిన చోట గాలిని తట్టి, నిమిషంపాటు పక్కన నిలబడతాడు. తర్వాత తనే ఎక్కి, మోకాళ్లు స్టీరింగుకు కొట్టుకుంటున్నా దిండు తీయకుండానే తోలుతాడు. నిన్న ఆ రెండో సగంలో చుట్లన్నీ అచ్చం డెనిస్ వేగంతో వచ్చాయి. గ్రెగరీ జన్మలో అంత జోరుగా తోలి ఎరగడు. "అదరగొట్టావయ్యా! చివర్లో అంత తెగింపు ఎక్కణ్ణుంచొచ్చింది?" అంది హేజెల్. దిండు చంకన పెట్టుకుని ఆమెవంక వింతగా చూశాడు.

"నన్నడిగితే ఏం చెప్పను? నేను సగంలోనే దిగిపోయాను కదా."